డాక్టరు జేమ్స్ నైస్మిత్: ప్రసంగ వేదిక నుండి ఆటస్థలమునకు

మన అధ్యక్షమండలమునకు నూరేండ్లు నిండిన ఈ శుభసమయమున మన మిషను పాఠశాలలను గూర్చియు, హాస్టళ్లను గూర్చియు, ఆసుపత్రులను గూర్చియు పెద్దలు పలువురు ఈ సంచికలో వ్రాయుచున్నారు. ఆ పాఠశాలల వెనుకనున్న ఆటస్థలమును గూర్చి వ్రాయుట మా వంతుగా ఎంచుకొన్నాము. ఆటలకు, దైవపరిచర్యకు సంబంధమేమని అడుగువారు మన సంఘములలో నేటికిని ఉన్నారు. నూట ముప్పది యేండ్లకు పూర్వము ఒక వేదాంత విద్యార్థి ఈ ప్రశ్ననే తన ఇంటివారి నోటను, తోటి విద్యార్థుల నోటను విని, ఎనుబది యేండ్లకు దగ్గరపడిన తన బ్రదుకంతయు దానికి జవాబు వెదకుటలోనే గడిపెను. ఆయన పేరు జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టినవానిగా లోకము ఆయనను ఎరుగును. ఆయన వేదాంత కళాశాలలో చదివినవాడనియు, వైద్యుడనియు, వయసు మీరిన తరువాత అభిషేకము పొందిన గురువనియు ఎరిగినవారు తక్కువ.

ఆయన 1861 నవంబరు 6వ తేదీన కెనడా దేశమందలి ఒంటారియో రాష్ట్రములో ఆల్మాంట్ అను ఊరి దగ్గర, స్కాట్లండు నుండి వలస వచ్చినవారి ఇంట జన్మించెను. 1870లో కొలది వారముల తేడాతో తండ్రియు తల్లియు టైఫాయిడు జ్వరమున చనిపోయిరి. అనాథలైన పిల్లలను అమ్మమ్మయు, మేనమామ పీటర్ యంగ్‌యు చేరదీసిరి. మేనమామ మంచివాడే గాని గట్టివాడు. ఆ ఇంట పొలము పని, గుర్రముల పని, కట్టెలు కొట్టు పని పిల్లలకు తప్పలేదు. జేమ్స్ పదునైదేండ్ల ప్రాయమున బడి మానివేసి, అడవులలో కలప కొట్టువారితో కూడ పనికి పోయెను. కొన్నేండ్లు అట్లు గడచిన పిమ్మట, తనకంటె చిన్నవారి మధ్య బల్లమీద కూర్చుండుటకు సిగ్గుపడక మరల బడిలో చేరెను.

ఆ ఊరి పిల్లలు ఆడుకొనిన ఒక రాతి ఆటను గూర్చి ఇక్కడ చెప్పవలెను, ముందు కథకు అది అవసరము. పెద్ద బండమీద పిడికెడంత రాయి నిలిపి, దానిని దూరమునుండి వేరొక రాతితో కొట్టి పడవేయవలెను. మన పల్లెలలో ఏడుపెంకులాట ఆడినవారికి ఇది సులువుగా బోధపడును. బలముకొలది విసరిన రాయి గురి తప్పినయెడల చాల దూరము పోవును. దానిని తెచ్చుకొనులోగా కాపున్నవాడు మనలను పట్టుకొనును. మెల్లగా పైకెత్తి వంపుగా వేసిన రాయి అయితే బండ దగ్గరనే పడును. ఇట్లు బలముకంటె నేర్పు మేలని చిన్ననాడే అతనికి తెలిసెను.

1883లో ఆయన మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో చేరెను. గురువు కావలెనన్నదే కోరిక. మొదట పుస్తకము తప్ప వేరొకటి ఎరుగడు. స్నేహితులు అతని ఆరోగ్యమును గూర్చి దిగులుపడి వ్యాయామశాలకు రమ్మని బలవంతపెట్టిరి. అటుపిమ్మట ఒకనాడు ఫుట్‌బాల్ జట్టులో ఒకని ముక్కు విరుగగా ఆ స్థానములో నిలుచుటకు ఇతడు ముందుకు వచ్చెను. అది మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. బంతిని చంకనిడుకొని పరుగెత్తువానిమీద పదిమందియు పడి కూలద్రోయు మోటు ఆట. ఆ దినములలో అక్కడి భక్తిపరులు దానిని సాతాను పనిగా ఎంచుచుండిరి. తోటి వేదాంత విద్యార్థులు కొందరు కూడుకొని అతని ఆత్మ నిమిత్తము ప్రార్థించిరట. ఒక ఆదివారమున రెండు కన్నులును కమిలి నల్లబడియున్న ముఖముతో అతడు ప్రసంగ వేదిక నెక్కెను. సంఘస్థులు ఏమనుకొనియుందురో మనము ఊహించుకొనగలము!

అతని మార్గమును మార్చిన సంగతి మాత్రము మిక్కిలి చిన్నది. ఒక పోటీలో అతని ప్రక్కనున్న ఆటగాడు కోపము పట్టలేక బూతుమాట పలికి, వెంటనే తిరిగి చూచి, ఇతడు అక్కడనున్న సంగతి మరచితినని క్షమాపణ కోరెను. నైస్మిత్ ఆ యువకునికి ఎన్నడును ఏ నీతియు బోధించియుండలేదు. ప్రక్కన నిలిచి కష్టపడి న్యాయముగా ఆడెను, అంతే. యౌవనస్థుల యొద్దకు పోవుటకు ప్రసంగ వేదిక ఒక్కటే త్రోవ కాదేమో అను తలంపు అప్పుడు అతనిలో పుట్టెను. 1890లో వేదాంత విద్య ముగించి, అభిషేకము పొందకుండ, అమెరికా దేశమందలి స్ప్రింగ్‌ఫీల్డులో వై.ఎం.సి.ఎ. వారు నడుపుచున్న శిక్షణాలయమునకు వెళ్లిపోయెను. పరిచర్యను విడిచినందుకు అతని సోదరి అతనిని జీవితాంతము క్షమింపలేదని చెప్పుదురు. ఒక ఇంటిలో ఒక కుమారుని దేవునికి ప్రత్యేకించి చదివించిన తరువాత అతడు ఆటల మాష్టారగుట ఎట్టిదో, మన కుటుంబములలోనివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

పౌలు భక్తుడు తిమోతికి వ్రాసిన పత్రికలో దేహ సాధకమును దైవభక్తితో పోల్చి తక్కువగా ఎంచెనని చూపి, ఆటలను త్రోసివేయువారు కలరు. అదే పౌలు కొరింథీయులకు వ్రాయునప్పుడు పందెపు రంగములో పరుగెత్తువారినే ఉపమానముగా తీసికొనెను. తక్కువ అన్నమాటకు వ్యర్థము అని అర్థము కాదు. స్ప్రింగ్‌ఫీల్డులో నైస్మిత్‌కు పై అధికారియైన లూథర్ గులిక్ 1891లో వై.ఎం.సి.ఎ.కు త్రికోణము గుర్తును రూపొందించెను. ఆత్మ, మనస్సు, దేహము అను మూడును ఆ గుర్తునకు మూడు ప్రక్కలు. మన పట్టణములలో వై.ఎం.సి.ఎ. భవనములమీద ఆ గుర్తును దినమును చూచువారమైనను, దాని మూడవ ప్రక్కను గూర్చి ఆలోచించువారము కొద్దిమందిమే.

ఇక అసలు సంగతికి వత్తము. 1891 చలికాలమున స్ప్రింగ్‌ఫీల్డులో పదునెనిమిదిమంది గల ఒక తరగతి ఉండెను. వారు పిల్లలు కారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శులు కాగోరి వచ్చిన పెద్దవారు. బయట మంచు కురియుచుండగా లోపల చేయుటకు కసరత్తు తప్ప మరేమియు లేదు. వరుసలో నిలిచి, లెక్క చెప్పుచు, చేతులెత్తి దించు డ్రిల్లు అది. వారు విసిగిపోయిరి. ఇద్దరు ఉపాధ్యాయులు ఆ తరగతితో వేగలేక చేతులెత్తివేసిరి. గులిక్ ఆ తరగతిని నైస్మిత్‌కు అప్పగించి, లోపల ఆడదగిన క్రొత్త ఆటను పదునాలుగు దినములలో సిద్ధపరచుమనెను. ఆ విద్యార్థులు మొండివారని అందరును చెప్పుచుండగా, తప్పు వారిది కాదు, మనము నేర్పు పద్ధతిదని నైస్మిత్ తలంచెను. మా మట్టుకు మాకు, ఆయన కనిపెట్టిన ఆటకంటె ఈ తలంపే గొప్పదని తోచుచున్నది. బడిలో పిల్లవాడు డ్రిల్లు తప్పించుకొని పారిపోయిన యెడల వాని వీపు వాయించుటయే మన వాడుక. డ్రిల్లు ఎట్లున్నదని అడిగినవారిని మేమెరుగము.

ఆయన మొదట తెలిసిన ఆటలనే లోపలికి తెచ్చి చూచెను. ఫుట్‌బాల్ ఆడించగా దెబ్బలు తగిలెను. కాలిబంతి ఆడించగా అద్దములు పగిలెను. గడువు దగ్గరపడగా కూర్చుండి, ఒక్కొక్క ఆటను విప్పి లోపలేమున్నదో చూచెను. ఫుట్‌బాల్ ఎందుకు మోటుగానున్నది? ఒకనినొకడు పడద్రోయుట వలన. ఎందుకు పడద్రోయుదురు? బంతి పట్టినవాడు పరుగెత్తును గనుక. అయితే బంతి పట్టినవాడు పరుగెత్తకూడదు, ఉన్నచోటనుండి ఇంకొకనికి వేయవలెను. అప్పుడు పడద్రోయవలసిన అవసరమే లేదు. ఇక గోలు సంగతి. నేలమీద నిలువుగానున్న గోలులోనికి బంతిని ఎంత వేగముగా కొట్టిన అంత లాభము. ఆ వేగమే దెబ్బలకు కారణము. అప్పుడు ఆయనకు తన ఊరి రాతి ఆట జ్ఞాపకమునకు వచ్చెను. గోలును తలలకు పైన, నోరు ఆకాశమువైపునకుండునట్లు అడ్డముగా పెట్టినయెడల బంతిని వంపుగా, మెత్తగా వేసినవాడే గెలుచును.

మరునాడు భవనపు జవానును రెండు పెట్టెలు తెమ్మని అడిగెను. పెట్టెలు లేవు, పీచ్ పండ్లు తెచ్చిన బుట్టలు రెండు ఉన్నవని అతడు తెచ్చి ఇచ్చెను. వాటిని రెండు ప్రక్కల మేడవసారా అంచునకు మేకులతో కొట్టిరి. ఆ అంచు నేలనుండి పది అడుగుల ఎత్తున ఉండెను. అందుచేతనే నేటికిని లోకమంతటను ఆ బుట్ట పది అడుగుల ఎత్తుననే ఉన్నది. పదమూడు నియమములు వ్రాసి గోడకు అంటించి, పదునెనిమిదిమందిని తొమ్మండుగురి చొప్పున రెండు జట్లు చేసి 1891 డిసెంబరు 21వ తేదీన ఆడించెను. ఆటంతటిలో ఒక్కసారియే బంతి బుట్టలో పడెను. దానిని వేసినవాడు విలియం చేజ్. అయినను ఆ మొండి తరగతి ఆట విడిచి వెళ్లుటకు ఇష్టపడలేదు. ఫ్రాంక్ మహాన్ అను విద్యార్థి ఆటకు నైస్మిత్ పేరు పెట్టవలెనని కోరగా, ఆయన నవ్వి, ఆ పేరు పెట్టిన ఏ ఆటయైన చచ్చునని త్రోసివేసెను. బుట్టయు బంతియు ఉన్నవి గనుక ఆ రెండు మాటలే పేరాయెను.

కొలది వారములలోనే దగ్గరనున్న ఒక బడి ఉపాధ్యాయినులు ఆట చూచుటకు వచ్చి, తామును ఆడవచ్చునా అని అడిగిరి. స్త్రీలు పరుగెత్తుట మర్యాద కాదనుకొను కాలమది. నైస్మిత్ సందేహింపక ఆడనిచ్చెను. ఆ తొలినాళ్లలో ఆడిన స్త్రీలలో మాడ్ షెర్మన్ అను ఆమెయు ఉండెను. 1894లో ఆమెను ఆయన వివాహమాడెను. వారికి అయిదుగురు సంతానము.

ఆ ఆట మన దేశమునకు వచ్చుట కూడ మిషనెరీల చేతులమీదుగానే జరిగెను. మొదటి ఆటలో ఒక జట్టుకు నాయకుడైన డంకన్ పాటన్ 1894లో వై.ఎం.సి.ఎ. సేవకై ఇండియాకు వచ్చి దానిని ఇక్కడ ప్రవేశపెట్టెను. స్ప్రింగ్‌ఫీల్డులోనే నైస్మిత్‌ను ఎరిగిన విలియం మోర్గన్ 1895లో వాలీబాల్ కనిపెట్టెను. క్రిస్మసు దినములలో మన పల్లె దేవాలయముల ఆవరణలో వల కట్టి ఆడు ఆట ఇదే. 1920లో, అదే శిక్షణాలయములో చదివిన హారీ క్రో బక్ దొరగారు మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా శాలను స్థాపించిరి. ఆ దినములలో సర్కారు జిల్లాలును రాయలసీమయు మద్రాసు రాజధానిలోనివే గదా! మద్రాసు వెళ్లి అక్కడ శిక్షణ పొంది వచ్చిన డ్రిల్లు మాష్టార్లు మన ప్రాంతపు హైస్కూళ్లలో పనిచేసిరి. తెల్లని చొక్కాయు, మెడలో ఈలయు గల అట్టి మాష్టార్లను మన పెద్దలు ఇప్పటికిని తలచుకొందురు. 1924లో పారిస్ ఒలింపిక్ పోటీలకు వెళ్లిన భారత జట్టును తర్ఫీదు చేసి వెంట తీసికొనిపోయినది బక్ దొరగారే. 1943లో మద్రాసులోనే ఆయన కన్నుమూసిరి.

నైస్మిత్ 1895లో డెన్వరు నగరమునకు మారి, వై.ఎం.సి.ఎ.లో పనిచేయుచునే వైద్యవిద్య చదివి 1898లో వైద్యుడాయెను. వైద్యశాల పెట్టుకొని ధనము గడించుటకు గాదు, ఏ వ్యాయామము ఏ దేహమునకు మేలు చేయునో తెలిసికొనుటకే ఆ చదువు. అదే సంవత్సరమున కాన్సస్ విశ్వవిద్యాలయమువారు ప్రార్థనలు నడుపుటకును, వ్యాయామము నేర్పుటకును తగిన ఒక్క మనిషిని వెదకుచుండిరి. ఆయన సహవాసి స్టాగ్ తంతి పంపుచు, ఇతడు వైద్యుడనియు, దైవజ్ఞానము గలవాడనియు, త్రాగడనియు, పొగ పీల్చడనియు, నోట చెడుమాట రాదనియు సిఫారసు చేసెను. అట్లు వెళ్లిన ఆయన ఇంచుమించు నలుబది యేండ్లు అక్కడనే పనిచేసెను.

అక్కడ ఒక వింత గలదు. బాస్కెట్‌బాల్ కనిపెట్టినవాడే ఆ విశ్వవిద్యాలయ జట్టుకు 1907 వరకు శిక్షకుడుగా ఉండగా, ఆ జట్టు 55 ఆటలు గెలిచి 60 ఆటలు ఓడెను. ఆ విద్యాలయపు శిక్షకులలో గెలుపులకంటె ఓటములు ఎక్కువైనవాడు నేటివరకు ఆయన ఒక్కడే. ఆయన దానికి చింతపడినట్లు కనబడదు. తన శిష్యుడైన ఫాగ్ ఆలెన్ శిక్షకుడు కాగోరినప్పుడు, ఈ ఆటకు శిక్షణ యెందుకు, ఆడుకొనుటయే గదా అని నవ్వెనట. ఆలెన్ ఒప్పుకొనలేదు, గొప్ప జట్లను తయారుచేసి పేరు పొందెను. ఇద్దరును ఒకే చోట పనిచేసినను ఈ విషయమున భేదము నిలిచియే యుండెను. గెలుచు జట్టుకొరకు కష్టపడుట తప్పని మేము చెప్పము. కాని నైస్మిత్ కన్ను జట్టులోని అయిదుగురిమీద లేదు, జట్టులోనికి రాని వందలమందిమీద ఉండెను. క్రొత్తగా చేరిన విద్యార్థుల ఎత్తు, ఛాతీ, చేతుల బలము కొలిచి వ్రాసికొని, బలహీనులకు తగిన కసరత్తు చెప్పుచుండెను. కత్తిసాము ఆయనకు మిక్కిలి ఇష్టము. దేహమునకు తన ఆటకంటె మల్లయుద్ధమే మంచిదని కూడ ఒప్పుకొనుచుండెను.

ఇది వ్రాయుచు మన పాఠశాలలను తలంచుకొనకుండుట మాకు సాధ్యము కాలేదు. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టము 2009లోనే ప్రతి బడికి ఆటస్థలముండవలెనని చెప్పుచున్నది. మాకు తెలిసిన ఒక పాఠశాలలో ఆటస్థలపు అంచున దుకాణముల గదులు లేచినవి, అద్దె బాగుగనే వచ్చుచున్నది. టైముటేబిలులో ఆటల పీరియడు ఉండును, పదవ తరగతి వచ్చుసరికి దానిని లెక్కల మాష్టారు తీసికొనును. వ్యాయామ ఉపాధ్యాయుని చేత ఫీజు పుస్తకములు వ్రాయింతురు. పోటీలు వచ్చినప్పుడు ఆ పదిమంది పిల్లలే ఆడుదురు, ఆడపిల్లలు చెట్టుక్రింద వారి సంచులకు కాపలా ఉందురు. కప్పు గెలిచిన సంవత్సరము గోడమీద ఫోటో వేయుదుము. ఆ బడిలోని మిగిలిన అయిదు వందలమంది దేహముల సంగతి ఎవరి లెక్కలోనిది? తల్లిదండ్రులమైన మనము కూడ మార్కుల కాగితము చూచి సంతకము చేయుదుముగాని, పిల్లవాడు వారములో ఎన్నిసార్లు చెమటపట్ట పరుగెత్తెనని ఏ ఉపాధ్యాయుని అడిగితిమి? చదువును ఆటలును ఒకదానినొకటి తినివేయునని భయపడువారు, వేదాంతము, వైద్యము రెండును చదివిన ఈ మనుష్యుని చూడవచ్చును.

1916లో, వేదాంత కళాశాల విడిచిన ఇరువది యారేండ్లకు, ఆయన ప్రెస్బిటేరియన్ సంఘములో గురువుగా అభిషేకము పొందెను. మెక్సికో సరిహద్దునకు వెళ్లుచున్న కాన్సస్ సైనిక దళమునకు ఆయన చాప్లెయినుగా పోయెను. మరుసటి యేట మొదలు 1919 వరకు వై.ఎం.సి.ఎ. పక్షమున ఫ్రాన్సు దేశములో యుద్ధభూమిలోని సైనికుల మధ్య పరిచర్య చేసెను. ఇంటినుండి దూరమైన కుర్రవాండ్రను త్రాగుడునుండియు, చెడు రోగములనుండియు కాపాడుట ఆ పనిలో ముఖ్యభాగము. అప్పటికి ఆయనకు ఏబది యేండ్లు దాటియుండెను.

ఆయన వృద్ధాప్యములో జరిగిన ఒక సంగతి మన సంఘములవారు తప్పక తెలిసికొనదగినది. 1933లో జాన్ మెక్లెండన్ అను నల్లజాతి యువకుడు కాన్సస్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. నైస్మిత్ యొద్దకు పోయి ఆయననే సలహాదారునిగా కోరుకొమ్మని తండ్రి చెప్పి పంపగా, అతడు నేరుగా వచ్చి ఆ మాటే చెప్పెను. నైస్మిత్ అంగీకరించెను. వ్యాయామ విద్యలో పట్టము పొందుటకు ఈత అవసరము. అక్కడి కొలనులో నల్లజాతివారు దిగకూడదని వాడుక. మెక్లెండన్ దిగగా అలజడి పుట్టెను. నైస్మిత్ అతని పక్షముననే నిలిచెను, తుదకు ఆ కొలను తలుపులు అతని జాతివారికిని తెరువబడెను. ఊరి బావి దగ్గర నిలువనియ్యబడని తరములనుండి వచ్చిన మనకు ఆ కొలను సంగతి ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. అయినను విశ్వవిద్యాలయ జట్టులో మాత్రము మెక్లెండన్‌ను ఆడనియ్యలేదు. ఆ గీతను నైస్మిత్ చెరపలేకపోయెను. అక్కడ ఆడుటకు నోచుకొనని ఆ శిష్యుడు 1936లో పట్టము పొంది, తరువాత గొప్ప శిక్షకుడై, 1957 మొదలు వరుసగా మూడేండ్లు తన కళాశాల జట్టును జాతీయ విజేతగా నిలిపెను.

1936లో బెర్లిను ఒలింపిక్ పోటీలలో బాస్కెట్‌బాల్ మొదటిసారి చేర్చబడెను. అక్కడికి వెళ్లుటకు నైస్మిత్ యొద్ద ధనము లేదు. అమెరికాలోని శిక్షకులును, ఆట చూడవచ్చినవారును చందాలు కూర్చి ఆయనను పంపిరి. భార్యకు హృద్రోగమున్నందున ఆమె వెళ్లలేకపోయెను. టెన్నిసు ఆడు మట్టి మైదానమున, జోరున కురియు వానలో, బురదలో బంతి ఎగురక చివరి ఆట జరుగగా అమెరికా కెనడామీద 19-8 తేడాతో గెలిచెను. తాను పుట్టిన దేశమునకును, పౌరుడైన దేశమునకును ఆ ముసలాయన తన చేతులతోనే బహుమానములిచ్చెను.

మరుసటి సంవత్సరము, 1937లో, భార్య చనిపోయెను, ఆయన ఉద్యోగమునుండి విరమించెను. 1939 నవంబరు 28వ తేదీన లారెన్సు పట్టణములో ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆ ఆటమీద ఏ హక్కును తన పేర వ్రాయించుకొనలేదు, దానివలన ధనవంతుడును కాలేదు. పదమూడు నియమములను టైపు చేయించి గోడకు అంటించిన ఆ రెండు కాగితములను 2010 డిసెంబరులో న్యూయార్కు నగరమున వేలము వేయగా, కాన్సస్‌లో చదివిన ఒక ధనికుడు 43 లక్షల డాలర్లకు కొని తన విశ్వవిద్యాలయమునకు ఇచ్చెను. ఆయన నలుబది యేండ్లు నడచిన ఆ ఆవరణలోనే అవి ఇప్పుడు అద్దముల వెనుక ఉన్నవి.